అమ్మాయి వ్యాసం, నా రెండు వాక్యాలు

ఉగాది సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం వారు ఏటా అడుగుతూనే ఉన్నారు, నేను ఏటా తప్పించుకు తిరుగుతూనే ఉన్నాను. ఈసారి గుళ్లో పట్టుకున్నారు. చేతిలో పులిహోర, ఎదురుగా దేవుడు, పక్కన మా ఆవిడ. కాదనడానికి వీల్లేకపోయింది. తీరా రాయడానికి కూర్చుంటే తోచింది ఒక్కటే సంగతి. ముప్ఫై ఏళ్లనాటిది. ఇన్నాళ్లూ స్నేహితుల్లోగానీ చుట్టాల్లోగానీ ఎవరికీ చెప్పుకోలేదు. రాయనా అని మా అమ్మాయిని అడిగాను. "రాయి నాన్నా, కానీ ఉన్నది ఉన్నట్టు రాయి" అంది. ఆ మాట ఎందుకు అందో మీకే తెలుస్తుంది.

అది 1995. డెట్రాయిట్‌కి పడమటి శివార్లలో ఇల్లు కొనుక్కుని పదేళ్లయింది. నేను కార్ల కంపెనీలో ఇంజనీర్ని. 1985లో బాలు నటరాజన్ స్పెల్లింగ్ బీ గెలిచిన దగ్గర్నుంచీ మన ఇళ్లలో ఎలాంటి గాలి వీచిందో పాతకాపులందరికీ తెలుసు. శనివారం పాట్‌లక్ డిన్నర్లలో గోంగూర పచ్చడి కన్నా ముందు పిల్లల ప్రైజులు వడ్డించుకునేవాళ్లం. ఒకరి అబ్బాయికి లెక్కల పోటీలో మెడలు, ఇంకొకరి అమ్మాయికి సైన్సు పోటీలో షీల్డు. నేను, మా ఆవిడ వింటూ కూర్చునేవాళ్లం. మా వంతు ఎప్పుడొస్తుందా అని నాకు లోపల ఒక గుబులు.

అలాంటి రోజుల్లో మా అమ్మాయి పదకొండో తరగతిలో స్కూలు పత్రికలో చేరింది.

"పత్రికేమిటే? లెక్కల క్లబ్బులో చేరకూడదూ?" అన్నాను.

"లెక్కల క్లబ్బులో అందరూ ఉన్నారు నాన్నా, పత్రికలో రాసేవాళ్లు లేరు" అంది.

స్కూల్లో తల్లిదండ్రులకు ఓపెన్ హౌస్ జరిగిన రోజున ఆ పత్రిక చూసే టీచరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి ఒక కథ చెప్పారు. మిస్సోరీ రాష్ట్రంలో హేజెల్‌వుడ్ అనే చోట 1983లో ఒక ప్రిన్సిపాల్ విద్యార్థుల పత్రికలోంచి రెండు పేజీలు తీసేయించాడట. గర్భవతులైన విద్యార్థినుల గురించి ఒక వ్యాసం, తల్లిదండ్రుల విడాకుల గురించి ఇంకొకటి ఆయనకు అభ్యంతరమయ్యాయి. పిల్లలు కోర్టుకెక్కారు. 1988లో సుప్రీంకోర్టు అయిదుకు మూడు ఓట్లతో స్కూలు పక్షాన తీర్పిచ్చింది. "అందుకని మా పిల్లలకు నేను మొదటిరోజే చెబుతాను. మనకున్న బలమల్లా రాసింది నిజం కావడమే. ఒక్క సంగతి తప్పుపోయినా, పేజీ తీసెయ్యాలనుకునేవాళ్ల చేతికి మనమే కత్తెర ఇచ్చినట్టు" అన్నారు.

ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. నా చెవికెక్కింది ఆయన చివర చెప్పినది: ఈ రంగంలో కూడా పోటీలున్నాయని! విని ప్రాణం లేచొచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో 1925లోనే స్కూలు పత్రికల కోసం ఒక సంఘం పెట్టారట. ఒపీనియన్ పోల్స్ జరిపి పేరు తెచ్చుకున్న జార్జ్ గాలప్ 1926లో అయోవా విశ్వవిద్యాలయంలో క్విల్ అండ్ స్క్రోల్ అని స్కూలు విలేకరుల కోసం ఒక గౌరవ సంఘం ప్రారంభించాడట. ఇవి గాక రాష్ట్రాలకు వేరే సంఘాలు, వేరే పోటీలు. వార్తకు ఒక ప్రైజు, ఫీచరుకు ఒకటి, సంపాదకీయానికి ఒకటి, ఆటల వార్తకు, ఫోటోకు, పేజీ కూర్పుకు, ఆఖరికి శీర్షిక పెట్టడానికి కూడా.

మా అమ్మాయి వాళ్లు పాల్గొనే పోటీకి నిబంధనలు గట్టివి. పోటీ కోసం కొత్తగా రాసింది పనికిరాదు. ఆ ఏడాది పత్రికలో అచ్చయిందే పంపాలి. అచ్చయ్యాక అక్షరం మార్చకూడదు. ఆ పేజీని అట్టకు అంటించి, ఇది విద్యార్థి సొంత రచన అని ఫారం మీద విద్యార్థీ టీచరూ సంతకం పెట్టి పంపాలి. చూసి మార్కులు వేసేవాళ్లు వేరే రాష్ట్రం వాళ్లు.

అమ్మాయి చిన్న చిన్న వార్తలతో మొదలుపెట్టి, నవంబరులో ఒక పెద్ద ఫీచరుకు పూనుకుంది. తన స్కూలు బస్సు నడిపే ఆవిడ గురించి. ఆవిడ నాన్న రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కెంటకీ నుంచి మిషిగన్ వచ్చి, విల్లో రన్ ఫ్యాక్టరీలో బి-24 బాంబర్లు బిగించాడట. ఆ ఫ్యాక్టరీ అంటే మాటలు కాదు. ఉధృతంగా పనిచేసిన రోజుల్లో గంటకొక విమానం బయటికొచ్చేది, మొత్తం 8,685 విమానాలు చేశారు. తర్వాత ఆ చోటే కార్ల అసెంబ్లీ ప్లాంటు వచ్చింది. ఈవిడ అందులో చేరి పద్దెనిమిదేళ్లు కార్ల తలుపులు బిగించింది. 1993లో ప్లాంటు మూతపడింది. ఇప్పుడు పొద్దున్నే నాలుగింటికి లేచి బస్సు ఇంజను వేడిచేసి, మన పిల్లల్ని బడికి చేరుస్తోంది.

అమ్మాయి ఆవిడతో మూడుసార్లు మాట్లాడింది. నోటుపుస్తకం నిండా రాసుకుంది. రాత్రి పదింటిదాకా కూర్చుని కంప్యూటర్లో టైపు చేసి, ఫ్లాపీలో ఎక్కించి, బల్లమీద పెట్టి పడుకుంది. మర్నాడు పత్రిక ప్రెస్సుకు వెళ్లాలి.

నాకు నిద్రపట్టక కిందికి దిగివచ్చి ఆ ఫైలు తెరిచాను. బాగా రాసింది. కానీ మధ్యలో ఒకచోట "1992లో ఆమె ఫ్యాక్టరీ పని మానేసింది. మరుసటి ఏడు బస్సు నడపడం మొదలుపెట్టింది" అని ఉంది. ఇంత మంచి వ్యాసంలో ఆ మాటలు చప్పగా, ఉప్పులేని పప్పులా అనిపించాయి. ప్లాంటు మూతపడ్డ సంగతి ఊరందరికీ తెలిసిందే, దాన్ని వాడుకోకపోతే ఎలా? ఆ రెండు వాక్యాలూ తీసేసి నావి రెండు పెట్టాను. ఇంగ్లీషులో రాసినదానికి భావం ఇది: "1993లో ఫ్యాక్టరీ గేటుకు తాళం పడ్డ రోజున ఆమె బతుకు వీధిన పడింది. ఆ వీధిలోనే ఆమెకు ఈ పసుపు బస్సు దొరికింది."

రెండుసార్లు పైకి చదువుకున్నాను. నాకు నేనే మురిసిపోయి పడుకున్నాను.

పొద్దున్న అమ్మాయి హడావుడిగా ఫ్లాపీ తీసుకుంటుంటే "కొంచెం గ్రామరు చూశానమ్మా" అన్నాను. "థాంక్స్ నాన్నా" అని పరుగెత్తింది. మళ్లీ చదువుకునే టైము లేకపోయింది.

పత్రిక వచ్చింది. అమ్మాయి పేరు, బస్సు ఫోటో, పేజీ మధ్యలో పెద్ద అక్షరాలతో ఎత్తి చూపిన వాక్యాలు సరిగ్గా నావే! అయిదు కాపీలు తెప్పించుకున్నాను. ఆ శనివారం పాట్‌లక్‌లో మా వంతు వచ్చింది. పేజీ చేతులు మారుతుంటే నేను పెరుగన్నం కలుపుకుంటూ పట్టనట్టు నటించాను. పై వారం టీచరుగారు ఆ ఫీచరునే రాష్ట్ర పోటీకి పంపుదామన్నారు. మొదటి బహుమతి రావచ్చన్నారు కూడా. అమ్మాయి ఫారం ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టింది.

రెండు రోజుల తర్వాత స్కూలు నుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడింది.

"నాన్నా, 'బతుకు వీధిన పడింది' అని రాసింది నువ్వేనా?"

"అవును. ఏం, బాగాలేదా?"

బస్సులో అందరూ దిగిపోయాక ఆ డ్రైవరు మా అమ్మాయిని ఆపిందట. కోపంగా కాదు, మెల్లిగానే అడిగిందట: "నన్నెవరూ పంపించెయ్యలేదు. మా ఆయనకు జబ్బు చేస్తే చూసుకోవడానికి నేనే మానేశాను. ప్లాంటు మూసింది ఆ తర్వాత. నీకు చెప్పాను కదా. మా ఆయన సంగతి రాయొద్దన్నాను, సరేనన్నావు. మరి నన్ను వీధిన పడేశారని ఎందుకు రాశావు? మా తమ్ముడు పత్రిక చదివి ఫోన్ చేశాడు."

అప్పుడర్థమైంది నాకు, ఉప్పులేదనుకున్న ఆ "మానేసింది" అన్న మాట వెనక ఏముందో. మా అమ్మాయి ఆవిడకిచ్చిన మాట నిలబెట్టుకుంటూ, అబద్ధం కూడా ఆడకుండా, వెతికి పెట్టుకున్న మాట అది. పదహారేళ్ల పిల్ల తెలిసి చేసిన పనిని నలభై అయిదేళ్ల వాణ్ణి తెలియక చెడగొట్టాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఉన్నది ఉన్నట్టు రాయమంది కాబట్టి మిగతాది కూడా రాస్తున్నాను.

"సర్లే అమ్మా, ఆవిడకు సారీ చెప్పు. పోటీకి మాత్రం పంపించెయ్. మార్కులు వేసేది వేరే రాష్ట్రం వాళ్లు, వాళ్లకేం తెలుస్తుంది? వచ్చే ఏడు కాలేజీలకు అప్లై చెయ్యాలి. ఇలాంటి అవకాశం మళ్లీ రాదు" అన్నాను.

అమ్మాయి ఫ్రిజ్ మీంచి ఫారం తీసింది. "ఇదిగో ఇక్కడ 'నా సొంత రచన' అని ఉంది. దీని మీద నేను సంతకం పెట్టాలా నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ పొయ్యి కట్టేసి నా వంక చూసింది. ఆ చూపు గురించి ఇక్కడ రాయను.

మర్నాడు అమ్మాయి టీచరు దగ్గరికెళ్లి, ఆ రెండు వాక్యాలు తనవి కావనీ, చదువుకోకుండా ఇవ్వడం తన తప్పనీ చెప్పేసింది. పత్రికలోంచి తీసేస్తారేమోనని నేను ఆఫీసులో పని మీద దృష్టి పెట్టలేకపోయాను. తీసెయ్యలేదు. ఫీచరు పోటీకి వెళ్లకుండా ఆగిపోయింది. తర్వాతి సంచిక రెండో పేజీలో నాలుగు లైన్ల సవరణ వేశారు. ఆమె 1992లో తన ఇష్టం మీదే ఉద్యోగం మానుకున్నారనీ, తప్పు అచ్చయినందుకు పత్రిక చింతిస్తోందనీ. అందులో నా ఊసు ఎక్కడా లేదు. అచ్చయిన పేజీ మీద మా అమ్మాయి పేరుంది, తప్పు కూడా ఆ పేరు మీదే పడింది. ఆ నాలుగు లైన్లు చదివినప్పుడు పడ్డ బాధ నేను ఇంకెప్పుడూ పడలేదు.

ఆ సోమవారం పొద్దున్న అమ్మాయితోబాటు బస్సు ఆగే మూల దాకా నడిచాను. డిసెంబరు నెల, ఆరున్నరకు ఇంకా చీకటే. మంచులో పసుపు బస్సు వచ్చి ఆగింది. అమ్మాయి ఎక్కి వెనక్కి వెళ్లిపోయింది. నేను మెట్టు దగ్గర నిలబడి, "ఆ మాటలు మా అమ్మాయివి కావండీ, నేను రాశాను. క్షమించండి" అన్నాను. ఆవిడ స్టీరింగు మీద చేతులు తియ్యకుండా నన్ను ఎగాదిగా చూసింది. "మీ పిల్ల నాతో తనదే తప్పంది. మీ పేరు చెప్పలేదు" అంది. ఒక్క క్షణం ఆగి, "చలిగా ఉంది, ఇంటికెళ్లండి. నాకు ఆలస్యమవుతోంది" అని తలుపు వేసేసింది. క్షమించిందో లేదో చెప్పలేను. మర్నాటి నుంచి నేను కనిపిస్తే మాత్రం చెయ్యి ఊపేది.

పోటీకి అమ్మాయి వేరే ముక్క పంపింది. భోజనాల హాల్లో వాడి పారేసే పళ్లాల బదులు కడిగి వాడుకునేవి తెస్తున్నారన్న చిన్న వార్త. పట్టుమని పది వాక్యాలు లేవు. వసంతంలో ఫలితాలు వచ్చాయి. మొదటి బహుమతి కాదు, రెండోది కాదు, గౌరవప్రస్తావన. దాంతోపాటు న్యాయనిర్ణేత చేత్తో రాసిన కాగితం వచ్చింది. ఏ సంగతి ఎవరు చెప్పారో ప్రతి వాక్యంలోనూ తెలుస్తోందనీ, పళ్లాలు కడిగే మనిషిని కూడా అడిగి ఉంటే ఇంకా బాగుండేదనీ. అమ్మాయి మర్నాడే వెళ్లి ఆ మనిషిని అడిగి ఇంకో వార్త రాసింది.

బహుమతుల సభ నుంచి తిరిగొస్తుంటే కార్లో ఇద్దరమే ఉన్నాం. హైవే మీద పడ్డాక, నేను ఎవరికీ చెప్పని ఇంకో సంగతి చెప్పాను.

1963లో మంగళగిరిలో నేను ఎనిమిదో తరగతి. గాంధీ జయంతికి వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం "శ్రమ గౌరవం". ముందే చెప్పారు కాబట్టి మా చిన్నాన్న, గుంటూర్లో బి.ఏ. చదువుతున్నాయన, నాకు రాసిపెట్టాడు. నేను బట్టీపట్టి అక్కడ దించేశాను. మొదటి బహుమతి, ఫౌంటెన్ పెన్ను. రెండో బహుమతి నా పక్క బెంచీ వాడికి. వాళ్లది నేత ఇల్లు. గుంటమగ్గంలో వాళ్ల నాన్న పొద్దస్తమానం కాళ్లు గుంటలో పెట్టుకుని కూర్చుంటే వానాకాలంలో చెమ్మకు పాదాలు ఎలా పాసిపోయేవో, పండగ ముందు రాత్రి దీపం పెట్టుకుని ఎలా నేసేవాడో రాశాడు. హెడ్మాస్టరుగారు రెండూ చదివి వినిపించారు. వాడిది విన్నప్పుడే నాకు తెలిసిపోయింది ఏది అసలుదో. అయినా వెళ్లి పెన్ను పుచ్చుకున్నాను. ఆ పెన్ను అమెరికా కూడా తెచ్చుకున్నాను.

అమ్మాయి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. "ఆ అబ్బాయికి ఎప్పుడైనా చెప్పావా?" అంది.

"లేదు."

"మరి నాకెందుకు చెబుతున్నావ్?"

ఆ ప్రశ్నకు కూడా నా దగ్గర జవాబు లేకపోయింది.

1998లో ఇండియా వెళ్లినప్పుడు మంగళగిరిలో వాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. చీరల కొట్టు పెట్టుకున్నాడు. టీ తెప్పించాడు. పెన్ను బల్లమీద పెట్టి ఉన్నదంతా చెప్పాను. వాడు పగలబడి నవ్వాడు. "ఒరే, ఆ రోజే తెలుసురా నాకు. 'స్వేదబిందువులు' అన్న మాట నీకెక్కణ్ణుంచి వస్తుంది? హెడ్మాస్టరుగారికీ తెలిసే ఉంటుంది." కాసేపాగి నవ్వడం మానేసి అన్నాడు: "కాకపోతే, మా నాన్నకు ఆ పెన్ను చూపిస్తానని ఇంట్లో చెప్పి వచ్చాను ఆ వేళ." వాళ్ల నాన్న పోయి అప్పటికి పదేళ్లు. వాడు పెన్ను మూత తీసి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా మనవడు. అమ్మాయి కొడుకు, పదో తరగతి, వాడూ స్కూలు పత్రికలో ఉన్నాడు. ఇప్పుడు పేజీ చించి అట్టకు అంటించక్కర్లేదు, అంతా కంప్యూటర్లోనే పంపుతున్నారు. రాసిపెట్టడానికి చిన్నాన్న కూడా అక్కర్లేదు. అడిగితే కంప్యూటరే క్షణంలో రాసి పారేస్తుంది, నా రెండు వాక్యాల కన్నా జోరుగా. కానీ సొంత రచనేనా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. పోయిన నెల వాడు పోటీకి పంపాల్సిన వ్యాసం తెచ్చి "తాతయ్యా, ఒకసారి చూడవూ" అన్నాడు. పక్కగదిలోంచి మా అమ్మాయి తొంగిచూసింది, నవ్వుతూనే.

పెన్ను ముట్టుకోలేదు. చదివి, ఒక వాక్యం మీద వేలుపెట్టి, "ఇది నీకెవరు చెప్పార్రా?" అన్నాను. వాడు తల గోక్కుని, ఫోన్ తీసుకుని ఎవరికో చేశాడు. వచ్చి ఆ వాక్యం తనే మార్చుకున్నాడు. మార్చాక ముందుకన్నా చప్పగా ఉంది. నేను బాగుందన్నాను.

మన సంఘం వారు పిల్లలకు పెట్టిన వ్యాసాల పోటీకి గడువు ఈ నెలాఖరు. బల్లమీద మీ పిల్లలు రాసిపెట్టిన కాగితాలు ఉండే ఉంటాయి. రాత్రి నిద్రపట్టక కిందికి దిగితే మంచినీళ్లు తాగి వెళ్లి పడుకోండి. ఏమైనా అడగాలనిపిస్తే పొద్దున్న పిల్లల్నే అడగండి. రాసేది వాళ్లనే రాయనివ్వండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.